నీళ్ళు అలవాటేనండీ

ఫిబ్రవరి నెల రెండో శనివారం, ఉదయం పదకొండూ పది. మా గోడ గడియారం మూడు నిమిషాలు ముందుంటుంది. ఆ మూడూ తీసేసే చెబుతున్నాను. దివ్య వాళ్ళ అమ్మమ్మని వెంటబెట్టుకుని ఏలూరులో మా ఇంటికి వచ్చింది. దివ్య ఇంటర్మీడియట్ రెండేళ్ళూ నా దగ్గర లెక్కలు చెప్పించుకున్న పిల్ల. ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతోంది. అమ్మమ్మని చూడడం మాత్రం నాకదే మొదటిసారి. అరవై దాటిన మనిషి, ఎండలో పనిచేసి కమిలిన ముఖం. కుర్చీ చూపిస్తే అంచు మీద కూర్చుని, మజ్జిగ ఇస్తే రెండు చేతులతో అందుకుంది.

సంగతి దివ్యే చెప్పింది. కాలేజీ స్నేహితులు ఆరుగురు కలిసి గోదావరి మీద పాపికొండలు దాటి పైకి వెళతారట. ఊళ్ళు లేని చోట ఇసుక మీద గుడారాలు వేసుకుని, తమ పడవలు తామే నడుపుకుంటూ నాలుగు రోజులు తిరుగుతారట. వచ్చేదీ రానిదీ ఆ సాయంత్రంలోగా చెప్పాలి. తల్లీతండ్రీ సరేనన్నారు గానీ అమ్మమ్మ ఒప్పుకోవడం లేదు. "సుగుణ టీచరుగారు పంపమంటే పంపుతానంటోందండీ. ఇంకెవరు చెప్పినా వినదంట," అంది దివ్య విసుగ్గా. నా మాట మీద ఆ మనిషికి అంత గురి ఎందుకో నాకు అర్థం కాలేదు.

"నేను కనకం చెల్లెలినండీ," అందామె. "మాలక్ష్మినండీ. కొల్లేటికోట. అప్పుడు బాగా చిన్నదాన్నిలెండి, మీకు గుర్తుండను."

కనకం పేరు మా ఇంట్లో ఎవరైనా పలకగా విని యాభై ఏళ్ళు దాటింది. ఇలాంటప్పుడు మనిషి ఏదో ఒకటి అనాలి కనుక, ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చిన మాటే అన్నాను. "మీ అక్క నీళ్ళలో పుట్టి పెరిగిన మనిషి. ఆ రోజు కాలు పట్టేయకపోతే ఈదుకుంటూ వచ్చేసేదమ్మా."

మాలక్ష్మి నన్ను వింతగా చూసింది. "అక్కకి ఈత రాదు కదండీ," అంది.

"రాకపోవడమేమిటి?"

"మా ఊళ్ళో అప్పట్లో ఆడపిల్లలెవరికి వచ్చండీ ఈత? కొల్లేరు నడుముల్లోతు. నీళ్ళు తగ్గితే నడుస్తాం, పెరిగితే పడవెక్కుతాం. ఈదడం దేనికండీ మాకు?" గ్లాసు కింద పెట్టి, ఎక్కడా గొంతు పెంచకుండా మళ్ళీ అంది: "మీకు తెలుసు కదండీ. తెలిసే దింపారని మా అమ్మ పోయేదాకా అంటూనే ఉండేదండీ."

నేను జీవితమంతా పిల్లలకి లెక్కలు చెప్పాను. జవాబు తప్పు వచ్చిందంటే మొదటి వరుసలోనే ఏదో తప్పు రాసుంటారని, వెనక్కి వెళ్ళి చూడమని వేలసార్లు చెప్పి ఉంటాను. ఆ ఉదయం కుర్చీలో కూర్చుని నేనూ వెనక్కే వెళ్ళాను.

మేం నలుగురం. ఏలూరులో బి.ఎస్సీ. చదివేటప్పుడు మధ్యాహ్నం భోజనాల దగ్గర కలిసిన వాళ్ళం. మాది భీమడోలు. నాన్న మిషన్ బడిలో పంతులు. మా ఇంట్లో పొద్దున్న అయిదింటికి ప్రార్థన, ఆ వెంటనే ఊకపొయ్యి మీద గంజి. నాన్న చొక్కా ఉతికినా సుద్దవాసన పోయేది కాదు. రాత్రి అన్నాల దగ్గర ఎక్కాలు తప్పు చెబితే ఆయన కోప్పడేవాడు కాదు గానీ, ముద్ద చేత్తో పట్టుకుని మేం సరిగ్గా చెప్పేదాకా ఆగేవాడు. ఆయన ముద్ద చల్లారిపోతుందని మాకు బెంగ. అందుకని నాకు తప్పు లేకుండా చెప్పడం అలవాటైంది. ఇంటి వెనకే కాలువ ఉన్నా ఆడపిల్లలం అందులో దిగింది లేదు. పంతులుగారి పిల్లలు తడిబట్టలతో నలుగురి కళ్ళా పడడం అమ్మకి ఇష్టం ఉండేది కాదు. సీజన్ పాసు మీద రోజూ రైల్లో ఏలూరు వెళ్ళొచ్చేదాన్ని.

శేషారత్నం ఏలూరు పిల్లే. వాళ్ళ నాన్నగారు పౌరోహిత్యం చేసేవారు. వాళ్ళింట్లో అడుగుపెడితే ముందు తడి మడిబట్ట వాసన, తర్వాత కర్పూరం, ఆ తర్వాత ఇంగువ, అదే వరుసలో వచ్చేవి. నేను వెళితే వాళ్ళ బామ్మగారు ఎంతో ఆప్యాయంగా పలకరించేవారు, అంతే శ్రద్ధగా నా కాఫీ గ్లాసు విడిగా పెట్టించేవారు. రెండింటిలో ఏదీ అబద్ధం కాదు. ఆ బామ్మగారు కార్తీకమాసమంతా తెల్లవారుజామున మనవరాలిని కాలువకి తీసుకెళ్ళి, ఇత్తడి బిందె బోర్లించి, దాన్ని పట్టుకోమని నీళ్ళలోకి తోసేవారట. అలా నేర్చుకున్న శేషారత్నం కాలువ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి జడ తడవకుండా ఈదేది. పురోహితుడుగారి అమ్మాయికి ఈత రావడం కాలేజీలో అందరికీ పెద్ద వింత. ఆ వింతే మా కళ్ళు కప్పిందేమో. ఈత రానిదనుకున్న పిల్లకే వస్తే, నీళ్ళ మధ్య పుట్టిన పిల్లకి రాకుండా ఎలా ఉంటుంది?

రాజ్యం వాళ్ళది తాడేపల్లిగూడెం. రైసు మిల్లు. ఇల్లూ మిల్లూ ఒకే ఆవరణలో ఉండేవి కనుక ఉడికిన వడ్ల వాసన వాళ్ళ పరుపుల్లో కూడా ఉండేది. మిల్లు చప్పుడులో మాట్లాడి మాట్లాడి ఇంటిల్లిపాదీ అరుస్తున్నట్టే మాట్లాడేవారు, కంచం ముందు కూర్చుని "పప్పు కావాలా?" అని అడిగితే కొత్తవాళ్ళు ఉలిక్కిపడేవారు. సముద్రం దాకా పడవలో వెళ్ళాలన్న ఆలోచన రాజ్యానిదే. పరీక్షలయ్యాక కొల్లేరులో ఎక్కి, కొల్లేరు నీళ్ళని సముద్రంలో కలిపే ఉప్పుటేరు పట్టుకుని, అది కలిసే చోటు కళ్ళారా చూసి రావాలి. "మన తాతలు చూశారు, నాన్నలు చూశారు. మనం పెళ్ళిళ్ళై పోయాక వంటింట్లో కూర్చుని మ్యాపులో చూడాలా?" అని మా ఇంటికి వచ్చి మా నాన్న ముందు అంత గొంతుతోనూ అడిగింది. నాన్న నవ్వి ఒప్పుకున్నాడు. బామ్మగారు మాత్రం ఒక షరతు పెట్టారు: శేషారత్నం తన మరచెంబులో తీసుకెళ్ళిన కాచిన నీళ్ళు తప్ప ఎవరి చేతి నీళ్ళూ తాగకూడదు.

కనకం వాళ్ళది కొల్లేటికోట. చేపలు పట్టే కుటుంబం. కొల్లేటి మధ్య ఉన్న ఆ లంకల నుంచి కాలేజీకి వచ్చిన మొదటి ఆడపిల్ల. హాస్టల్లో ఉండేది. ఎండుచేపల వాసన వస్తుందంటారని రేకుపెట్టె నిండా కర్పూరం పోసుకునేది. చివరికి ఆ పెట్టె తెరిస్తే శేషారత్నం వాళ్ళ దేవుడి గదిలాగే ఉండేది. మా ముగ్గురినీ మూడేళ్ళూ "అండీ" అనే పిలిచింది.

"ఒసేయ్, అండీ గిండీ మానవే. నేనేమన్నా మీ హెడ్మాస్టర్నా?" అని రాజ్యం కసిరేది.

"అలాగేనండీ," అనేది కనకం.

ముగ్గురం పడీపడీ నవ్వేవాళ్ళం. అలా ఎందుకంటోందని ఒక్కసారైనా ఎవరం ఆలోచించలేదు.

ప్రయాణానికి వారం ముందు రాజ్యం వాళ్ళ మిల్లు లారీ ట్యూబులు రెండు గాలి కొట్టించి తెచ్చింది. మునిగితే పట్టుకోవడానికి. ఎవరెవరికి ఇవ్వాలన్న లెక్క నాకే అప్పజెప్పారు. శేషారత్నానికి ఈత వచ్చు. రాజ్యానికి రాదు, నాకు రాదు. మిగిలింది కనకం. కొల్లేటి పిల్లని పట్టుకుని "ఈత వచ్చా?" అని అడగడం, వంటవాణ్ణి పట్టుకుని అన్నం వార్చడం వచ్చా అని అడిగినట్టు ఉంటుందనిపించింది రాజ్యానికి. అందుకని మర్యాదగా, "నీకు నీళ్ళు అలవాటేగా?" అంది.

"అలవాటేనండీ. పుట్టిందే నీళ్ళలో."

నిజమే చెప్పింది. ఇద్దరికి ఈత వచ్చు, ఇద్దరికి ట్యూబులు. నలుగురం సరిపోయాం. నాకు ఆ లెక్క ఎంత చక్కగా కుదిరిందనిపించిందో ఇప్పటికీ గుర్తుంది.

మమ్మల్ని తీసుకెళ్ళింది కనకం చిన్నాన్న. మొదటి రోజంతా కొల్లేరులో తిరిగాం. ఏప్రిల్ నెల, నీళ్ళు బాగా తగ్గి ఉన్నాయి. వాళ్ళమ్మ ఊరి అమ్మవారు పెద్దింట్లమ్మ గుడిలో కట్టించిన పసుపుతాడు కనకం చేతికి ఉంది. కాలేజీలో వంచిన తల ఎత్తని పిల్ల, పడవ ఎక్కగానే మా అందరికంటే పొడుగైనట్టు కనిపించింది. పడవ గడ్డిలో ఇరుక్కున్నప్పుడల్లా "ఉండండి" అని, అరుగు మీంచి వీధిలోకి దిగినట్టు నీళ్ళలోకి దిగి, నడుము ఆనించి తోసి మళ్ళీ ఎక్కేది. మధ్యాహ్నం మమ్మల్ని నవ్వించడానికి నీటికాకిని అనుకరించింది. నడుముల్లోతు నీళ్ళలో నిలబడి ముక్కు మూసుకుని బుడుంగున మునగడం, మెడ సాచి లేవడం, రెక్కలు ఆరబెట్టుకున్నట్టు చేతులు చాచి కళ్ళు మిటకరించడం. శేషారత్నం కడుపు పట్టుకుని "చాలే తల్లీ, చచ్చిపోతాను" అంది. ఎవరికీ ఎవరి గ్లాసు విడిగా గుర్తురాని రోజు అదొక్కటే.

మరునాడు ఉప్పుటేట్లో ప్రవేశించాం. రెండు పక్కలా తుంగ, తుమ్మచెట్లు. మనిషి అలికిడి లేదు. సముద్రం పోటు ఎక్కితే ఆ ఏరు వెనక్కి పారుతుంది. మధ్యాహ్నానికి పోటు ఎదురైంది. తెడ్డు పనిచేయక చిన్నాన్న గట్టు మీదికి దిగి, పడవకి కట్టిన పొడుగాటి తాడు భుజాన వేసుకుని, మాకు వీపు పెట్టి ముందుకి వంగి లాగుతున్నాడు. ఆ ఏట్లో అప్పుడు అందరూ అలాగే లాగేవారు. కనకం పడవ చివర నిలబడి గెడతో పడవని గట్టుకి తగలకుండా కాస్తోంది. కుదుపుకి శేషారత్నం మరచెంబు దొర్లి నీళ్ళలో పడింది. సగం ఖాళీ అయిన చెంబు కనుక మునగలేదు, పోటుతోపాటు వెనక్కి పోతోంది.

"అయ్యో, నా చెంబు! ఇంక ఇంటికి వెళ్ళేదాకా ఎండాల్సిందేనే," అంది శేషారత్నం.

"ఉండండి, నేను తెస్తానండీ," అంది కనకం.

దూకలేదు. దిగింది. గెడ పడవలో పెట్టి, లంగా కొంచెం ఎత్తి పట్టుకుని, ముందు కుడికాలు, తర్వాత ఎడమకాలు, అరుగు మీంచి దిగినట్టే. ఈత వచ్చిన వాళ్ళు నీళ్ళలోకి అలా వెళ్ళరు. ఆ దిగడం నేను రెండు గజాల దూరం నుంచి చూశాను. యాభై ఏళ్ళు కళ్ళు మూసుకుంటే అదే చూశాను. దాని అర్థం మాత్రం మాలక్ష్మి చెబితే గాని తెలియలేదు.

మునిగి లేచింది. మెడ సాచింది. చేతులు చాచింది. కళ్ళు పెద్దవి చేసింది.

"మళ్ళీ నీటికాకి!" అని రాజ్యం చప్పట్లు కొట్టింది.

ముగ్గురం నవ్వాం. నవ్వు వినిపించి, పిల్లలు ఆడుకుంటున్నారనుకుని చిన్నాన్న వెనక్కి తిరగలేదు. అలా రెండుసార్లు లేచింది. మూడోసారి లేవకపోతే నవ్వు ముందు శేషారత్నానికి ఆగిపోయింది. కేక పెట్టి దూకింది. చిన్నాన్న తాడు వదిలేసి గట్టు మీంచి దూకాడు. రాజ్యం రెండు ట్యూబులూ విసిరింది. పోటు వాటిని తిప్పుకుంటూ తీసుకుపోయింది. శేషారత్నం లేచిన ప్రతిసారీ చేతుల్లో నాచే ఉంది. నీళ్ళు తగ్గాక, బాగా ఎగువన, కనకం వలల వాళ్ళకి దొరికింది.

కాలు పట్టేసి ఉంటుందని ఎవరో అన్నారు. ఎవరన్నారో కూడా గుర్తులేదు. ఆ మాట మా ముగ్గురికీ ఆసరా అయింది. వాళ్ళింటికి ఒకసారి వెళ్ళాం, తల్లి బయటికి రాలేదు. చిన్నాన్న అరుగు మీద కూర్చుని "వెళ్ళిరండమ్మా" అన్నాడు. అంతకంటే ఒక్క మాట అనలేదు. మా వైపు మర్యాదలు అలాంటివి. వాళ్ళు అడగలేదు, మేం చెప్పలేదు. ఆయన ఆ రోజు "దానికి ఈత రాదని మీకు తెలీదామ్మా?" అని అరిచి ఉంటే, కనీసం అబద్ధంలో బతికేవాళ్ళం కాదు.

ఇదంతా మాలక్ష్మికి చెప్పాను. ట్యూబుల సంగతి, రాజ్యం అడిగిన మాట, కనకం చెప్పిన జవాబు, నీటికాకి. ఏదీ దాచలేదు. నవ్వామన్న దగ్గర ఆమె పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దివ్య ఫోను పక్కన పెట్టేసింది.

"అయితే మీకు తెలీదాండీ?" అంది.

"తెలీదమ్మా."

"ఇన్నేళ్ళూ మేమింకోలా అనుకున్నామండీ. చెంబు పడితే పెద్దింటి పిల్లలు దిగరు కదా, ఈత రాకపోయినా మా పిల్లనే దింపారని. అమ్మ ఆ మాటతోనే పోయింది." కళ్ళు తుడుచుకుంది. "నా భయం అదేనండీ. దీనికి ఈత వచ్చు. మా ఇంట్లో పుట్టిన ప్రతి పిల్లకీ నడుముకి తాడు కట్టి చేపల చెరువులో నేర్పించాను. ఇప్పుడు మా చెరువులు నిలువు లోతు దాటే ఉంటాయి కదండీ. కానీ దీని స్నేహితులెవరో నాకు తెలీదు. ఒకమ్మాయి నాన్నకి తాడేపల్లిగూడెంలో హోటళ్ళంట, ఒకబ్బాయిది కోనసీమంట, ఒకమ్మాయిది వరంగల్ అంట. ఏదన్నా పడితే దిగమనేది దీన్నే. అన్నీ తెలిసిన మీరు మీ నోటితో పంపమంటారో లేదో చూద్దామనే వచ్చానండీ."

"అలాంటివాళ్ళు కాదు అమ్మమ్మా!" అంది దివ్య.

"మేమూ కాదు," అన్నాను నేను. "వాళ్ళలో ఈత ఎవరెవరికి వచ్చు?"

"అడగలేదండీ," అంది దివ్య.

"ఇప్పుడడుగు. ఈత అన్న మాటే వాడు. ఇంకో మాట వద్దు."

ఒక్కొక్కరికీ ఫోను చేసింది. మాకు వినబడేలా పెట్టింది. హోటళ్ళ వాళ్ళ అమ్మాయికి వచ్చు, చిన్నప్పుడే నేర్పించారు. వరంగల్ అమ్మాయికి రాదు, ముందే చెప్పాలనుకుంది గానీ సిగ్గేసిందట. ఇంకో ఇద్దరికి కొంచెం కొంచెం వచ్చు. చివర కోనసీమ అబ్బాయి.

"నీకు ఈత వచ్చా రా?"

"అదేం ప్రశ్నే? మాది గోదావరి ఒడ్డు!"

"వచ్చా, రాదా?"

ఈసారి చాలా చిన్న గొంతుతో, "రాదు. కానీ నీళ్ళు అలవాటే," అన్నాడు.

మాలక్ష్మి నా చెయ్యి పట్టుకుంది. పట్టు ఎంత గట్టిగా ఉందంటే నా గాజు ఒకటి చిట్లింది. అప్పుడు మేం చేసిన తప్పుకి ఆ కాలం, ఆ చదువులు, ఆడపిల్లల్ని ఏదీ నేరుగా అడగనివ్వని ఆ ఇళ్ళు కారణమని చెప్పుకోవచ్చు. ఇప్పుడు ఆరుగురూ ఒకే హోటల్లో ఒకే పళ్ళెంలో తింటారు, ఒకరినొకరు "రా" అనుకుంటారు, ఎవరి గ్లాసూ విడిగా ఉండదు. మమ్మల్ని చూసి జాలిపడే పిల్లలు వీళ్ళు. అయినా ఏ ఊరివాడో తెలిస్తే చాలు, మనిషి తెలిసిపోయాడనుకున్నారు. కలిదిండి వైపు బస్సులో వెళుతుంటే ఇప్పుడు దారి పొడుగునా చేపల చెరువుల నీళ్ళే కనబడతాయి, కొల్లేరు మాత్రం కనబడదు. అంత మారిపోయింది ఆ దేశం. ఇది మారలేదు.

"ఏం చెయ్యమంటారండీ?" అంది మాలక్ష్మి.

"నేను చెప్పను. నువ్వే చెప్పాలి."

ఆమె మనవరాలి వైపు చూసింది. "వేసవి దాకా ఆగండి. ఈత రాని ఆ ఇద్దర్నీ మన చెరువు దగ్గరికి తీసుకురా. నడుముకి తాడు కట్టి నేనే నేర్పిస్తాను. అప్పుడు ఆరుగురూ వెళ్ళండి. ఈత వచ్చినా రాకపోయినా అందరూ ఆ నీళ్ళలో తేలే జాకెట్లు తొడుక్కోవాలి. నేనేం అడ్డం చెప్పను."

దివ్య గునుస్తూనే ఫోను తీసుకుని వీధిలోకి వెళ్ళింది. మాలక్ష్మి లేవబోయి, మళ్ళీ కూర్చుంది. "నాకూ చదువుకోవాలనే ఉండేదండీ," అంది. "అక్క తర్వాత మా నాన్న అయిదో తరగతితో మాన్పించేశాడు. నన్నే కాదు, మా ఊళ్ళో ఇంకెవరూ ఆడపిల్లని ఏలూరు పంపలేదండీ. చాలా ఏళ్ళు."

ఈ సంగతీ నాకు ఆ రోజే తెలిసింది. ఏలూరులోనే ఇన్నేళ్ళు పాఠాలు చెప్పాను. అన్నేళ్ళపాటు ఆ లంకల నుంచి నా తరగతికి ఆడపిల్ల ఎందుకు రాలేదని ఒక్కనాడూ అనుకోలేదు.

పోయినవి ఇవీ. కనకం, పందొమ్మిదేళ్ళ పిల్ల, బి.ఎస్సీ. చివరి పరీక్ష రాసి ఫలితం చూసుకోకుండా పోయింది. వాళ్ళ చిన్నాన్న మళ్ళీ పడవ ఎక్కలేదు, మిల్లులో మూటలు మోస్తూ పోయాడు. శేషారత్నం బతికున్నన్నాళ్ళూ కాలువలో దిగలేదు. మేం ముగ్గురం ఆ తర్వాత ఒక్కసారి కూడా ఒక చోట కూర్చోలేదు. కనకం వాళ్ళమ్మ మా మీద కోపంతో బతికిన సంవత్సరాలు ముప్ఫై ఒకటి. మాలక్ష్మి చదువు. ఆమెతోపాటు ఆగిపోయిన ఆడపిల్లలు ఎంతమందో ఆమెకీ తెలియదు, నాకూ తెలియదు.